చేత్తో లెక్కపెడితే 143 టికెట్లు

మాది తిరుపతిలో చిన్న ఐటీ సర్వీసు సంస్థ. తొమ్మిది మందిమి. ఆస్పత్రులు, లాడ్జిలు, రెండు కాలేజీలు, చిత్తూరు వైపు కొన్ని మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, అన్నీ కలిపి 31 క్లయింట్లు. వాళ్ల కంప్యూటర్లు, సర్వర్లు 640 దాకా మేం చూసుకుంటాం. బయట ఇప్పటికీ మమ్మల్ని ‘ఏఎంసీ వాళ్లు’ (ఏడాది మరమ్మతు కాంట్రాక్టు వాళ్లు) అనే అంటారు గానీ, చెడిపోయాక వెళ్లి బాగుచేయడం మానేసి, చెడిపోకముందే కనిపెట్టుకుని ఉండే పద్ధతికి మారి ఐదేళ్లయింది. ఈ పనితో వచ్చిన చిక్కేమిటంటే, బాగా చేసినప్పుడు అవతలివాళ్లకి ఏమీ కనపడదు. సర్వర్ ఆగలేదు, బిల్లింగ్ ఆగలేదు, వైరస్ రాలేదు. మరి మీరేం చేశారు?

సరిగ్గా ఇదే ప్రశ్న నిరుడు మార్చిలో ఒక ఆస్పత్రిలో ఎదురైంది. అగ్రిమెంట్ రెన్యూవల్‌కి వెళ్తే అడ్మినిస్ట్రేటర్ గారు కాఫీ తెప్పించి, మర్యాదగానే అన్నారు: “నెలనెలా బిల్లు మాత్రం ఠంచనుగా వస్తా ఉండాది సార్. మీరేం చేస్తా ఉండారో నాకు కనపడ్డంలేదు.” నా దగ్గర పదకొండు పేజీల ఎక్సెల్ రిపోర్టు ఉంది. ఇచ్చాను. ఆయన మొదటి పేజీ చూసి పక్కన పెట్టారు. రెన్యూవల్ అయితే అయింది గానీ, ఎయిర్ బైపాస్ రోడ్డు మీద బండి నడుపుతూ వస్తున్నంతసేపూ ఆ పక్కన పెట్టిన కాగితాలే కళ్ల ముందు కదిలాయి. లెక్కలన్నీ ఒకే తెర మీద బొమ్మలుగా చూపించే డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి తీసుకోవాల్సిందేనని ఆ రోజే అనుకున్నాను. ఆ ‘ఏదో ఒకటి’ తేలడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మా లాంటి చిన్న సంస్థలు మన ఊళ్లలో చాలానే ఉన్నాయి కాబట్టి ఎక్కడెక్కడ ఆగామో రాస్తున్నాను.

మా డేటా ఐదు చోట్ల ఉండేది. క్లయింట్లు చెప్పే ఒక్కో సమస్యకీ తెరిచే టికెట్లు హెల్ప్‌డెస్క్ సాఫ్ట్‌వేర్‌లో, మెషీన్ల పరిస్థితి రిమోట్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో, బ్యాకప్‌లకి ఒక కన్సోల్, యాంటీవైరస్‌కి ఇంకొకటి, డబ్బు లెక్కలు ట్యాలీలో. ప్రతి నెలా ఒకటో తేదీ నుంచి ఐదో తేదీ దాకా మా ఆఫీసులో ఒకమ్మాయి ఈ ఐదింటి నుంచీ కాపీ చేసి ఎక్సెల్‌లో అతికిస్తూ కూర్చునేది. ఆ ఐదు రోజులూ ఆమె వేరే పని ముట్టుకోవడానికి ఉండేది కాదు.

మొదట నేను చేసిందేమిటంటే డెమోలు చూడటం. మా లాంటి సంస్థల కోసమే తయారైన డాష్‌బోర్డులు కొన్ని ఉన్నాయి. బ్రైట్‌గేజ్ వాటిలో పేరున్నది, 2020లో దాన్ని కనెక్ట్‌వైజ్ కొనేసింది. ఈ తరహా సాఫ్ట్‌వేర్ల బలం ఏమిటంటే కనెక్ట్‌వైజ్, ఆటోటాస్క్ లాంటి పెద్ద హెల్ప్‌డెస్క్ వ్యవస్థలతో లంకె ముందే సిద్ధంగా ఉంటుంది, మన రంగంలో అందరూ చూసే కొలతలు ముందే గీసి ఉంటాయి, మన డేటా చదవడానికి తాళం చెవి (ఏపీఐ కీ) ఇస్తే చాలు సాయంత్రానికి బొమ్మలు వచ్చేస్తాయి. మీరు వాడే హెల్ప్‌డెస్క్ ఆ జాబితాలో ఉంటే మాత్రం ముందు ఇవే చూడండి, నిజంగా టైమ్ కలిసొస్తుంది. మాది లేదు. ఈ కోవలోనే వేరే ఒక కంపెనీ వాళ్లతో, పేరు అనవసరం, రాత్రి తొమ్మిదిన్నరకి రెండు డెమోలు చూశాను. మీ హెల్ప్‌డెస్క్‌కి లంకె మూడు నెలల్లో వచ్చేస్తుంది, అగ్రిమెంటు మాత్రం ఇప్పుడే ఏడాదికి చేసుకోండి అన్నారు. రాని వస్తువుకి ఏడాది డబ్బు ఎలా కడతాం? అడిగితే డిస్కౌంట్ పెంచారు గానీ తేదీ చెప్పలేదు. వదిలేశాను.

డాలర్ల బిల్లు గురించి కూడా ఒక మాట. విదేశీ సాఫ్ట్‌వేర్ కొంటే రివర్స్ చార్జి కింద 18 శాతం జీఎస్టీ మనమే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. కార్డు మీద నెలనెలా ఆటోమేటిక్‌గా పోయే చెల్లింపు 15,000 రూపాయలు దాటితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతిసారీ ఓటీపీ కొట్టాలి. ఒకసారి నేను కొండ మీద క్యూలో ఉండగా, ఫోన్ కింద లాకర్‌లో ఉండగా, ఇలాంటి చెల్లింపే ఒకటి తప్పిపోయి రెండు రోజులు వేరే ఒక సర్వీసు ఆగింది. అందుకే ధర అడిగేటప్పుడు రూపాయల్లో ఇన్వాయిస్ ఇస్తారా అని కూడా అడగడం మొదలుపెట్టాను.

మే నెల అంతా ఇలా బొమ్మలు చూడటంతోనే గడిచింది. డెమోలో ఉండే డేటా ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది, ఎవరో ఊహించుకున్న క్లయింట్లు, ఎవరో ఊహించుకున్న టికెట్లు. నాలుగో డెమో అయ్యాక మా సీనియర్ ఇంజినీర్ నా టేబుల్ దగ్గరికొచ్చి, “అన్నా, ఇదంతా సరే, ముందు మన లెక్క మనకి తెలుసా?” అని అడిగాడు. తెలుసనే అనుకున్నాను. జూన్ అయిపోయాక ఒక ఆదివారం ఆఫీసులో కూర్చున్నాను, చూద్దామని.

ఆ ఆస్పత్రి టికెట్లే తీసుకున్నాను. జూన్ నెలవి ఒక్కొక్కటీ తెరిచి చదివి, రూళ్ల నోట్‌బుక్‌లో నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత చొప్పున పెన్సిల్‌తో వేస్తూ పోయాను. రెండో అంతస్తు ఫార్మసీలో లేబుల్ ప్రింటర్ ఒక్కదాని మీదే పదిహేడు టికెట్లు. అంత తరచుగా పిలుస్తున్నారని నాకు అప్పటిదాకా తెలియదు, ఎందుకంటే వెళ్లిన ప్రతి కుర్రాడూ రోల్ సరిచేసి, పనిచేస్తోంది అని మూసేసి వచ్చేస్తున్నాడు. మధ్యాహ్నం రెండున్నరకి మొత్తం 143 తేలింది. మళ్లీ లెక్కపెట్టాను. 143.

మర్నాడు మా హెల్ప్‌డెస్క్‌లోనే ఉన్న రిపోర్టు తీస్తే 151 అంది. అప్పుడే ట్రయల్ మీద పెట్టుకున్న మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్ బీఐలో మా సీనియర్ కట్టిన రిపోర్టు 139 అంది. ట్రయల్‌లో ఉన్న ఇంకో సాఫ్ట్‌వేర్ 168 అంది. మూడూ అందంగానే ఉన్నాయి. ఇందులో ఏదో ఒకటి ప్రింటు తీసి ఆ అడ్మినిస్ట్రేటర్ గారి ముందు పెట్టి ఉండేవాణ్ని కదా అనిపించి నిజంగా గుండె ఝల్లుమంది.

తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి వారం పట్టింది, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చిన వారం అదే. 151లో ఎనిమిది, ఒకే సమస్య మీద ఇద్దరు ఫోన్ చేస్తే మేం కలిపేసిన టికెట్లు, కలిపినా రిపోర్టులో విడిగానే పడుతున్నాయి. 139 కథ వేరు, తప్పు పవర్ బీఐది కాదు. హెల్ప్‌డెస్క్ నుంచి వచ్చే టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టుకున్న టైమ్‌లో ఉంటుంది, మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందు. అంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారి ఐదున్నర దాకా వచ్చిన టికెట్లన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. జూన్ 1 తెల్లవారుజామున ఆ ఆస్పత్రిలో యూపీఎస్ ట్రిప్ అయి ఆరు టికెట్లు వచ్చాయి, ఆ ఆరూ మే నెలలోకి పోయాయి. జులై 1 తెల్లవారుజామువి రెండు జూన్‌లోకి వచ్చాయి. పగలు మాత్రమే పనిచేసే ఆఫీసులకైతే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. ఆస్పత్రులకి, లాడ్జిలకి రాత్రే పని ఎక్కువ.

168 మాత్రం అచ్చంగా తిరుపతి సమస్య. మన ఊళ్లో ఏ వీధిలో చూసినా బోర్డుల మీద బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, వేంకటేశ్వర. మా క్లయింట్లలోనే ఒకే దేవుడి పేరుతో ఏడుగురున్నారు. పైగా హెల్ప్‌డెస్క్‌లో ఒక స్పెల్లింగ్, మానిటరింగ్‌లో ఇంకో స్పెల్లింగ్, ట్యాలీలో ‘శ్రీ’ చేర్చి మరొకటి. ఆ సాఫ్ట్‌వేర్ దగ్గరగా ఉన్న పేర్లను తనంతట తనే జతచేసి, అదే పేరున్న ఒక డయాగ్నస్టిక్ సెంటర్ టికెట్లు 25 తెచ్చి ఆస్పత్రికి కలిపేసింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆ రోజే ప్రతి క్లయింట్‌కీ ఒక కోడ్ ఇచ్చాం, అక్షరం ఒకటి, అంకెలు మూడు, ఐదు చోట్లా అదే కోడ్ ఉండాలి, పేరు ఎలా రాసినా పర్వాలేదు. 31 క్లయింట్లకి ఐదు చోట్ల సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా కొనకపోయినా ఈ పని చేసి తీరాలి.

అప్పటి నుంచి ట్రయల్ పద్ధతి మార్చేశాం. ఎవరు వచ్చినా అడిగేది ఒకటే, ఈ క్లయింట్ జూన్ డేటా ఇది, మీ సాఫ్ట్‌వేర్‌లో 143 చూపించండి. చూపించలేకపోతే ఎందుకు రావట్లేదో లోపలికి వెళ్లి మాకు చూపించండి. ఈ రెండోది చాలామందికి కుదరలేదు. అంకె మీద నొక్కితే దాని వెనక ఉన్న టికెట్ల జాబితా రావాలి, రాకపోతే ఆ అంకెను నమ్మడం తప్ప మనం చేయగలిగింది లేదు.

పవర్ బీఐ దాదాపు తీసేసుకునేవాళ్లమే. డెస్క్‌టాప్ ఉచితం, నేర్చుకోవడానికి తెలుగులోనే బోలెడన్ని వీడియోలు ఉన్నాయి, బయట ట్రైనింగ్ తీసుకున్న పిల్లలు సులభంగా దొరుకుతారు. కానీ దాని ఖర్చంతా చూసేవాళ్ల మీద ఉంటుంది. ప్రో లైసెన్సు 2025 ఏప్రిల్ నుంచి మనిషికి నెలకి 10 డాలర్ల నుంచి 14 డాలర్లయింది, పెద్ద కెపాసిటీ కొంటే తప్ప, రిపోర్టు చేసేవాళ్లకే కాదు చూసేవాళ్లకీ ఆ లైసెన్సు ఉండాలి. 31 మంది క్లయింట్లకి చూపించాలంటే లెక్క వేసుకోండి. ప్రోలో డేటా ఆటోమేటిక్‌గా రోజుకి ఎనిమిది సార్లే రిఫ్రెష్ అవుతుంది, నెల రిపోర్టుకి ఇది ఎక్కువే గానీ ఆఫీసులో గోడ మీద టీవీకి చాలదు. ఇంకో సంగతి, మా దగ్గర చేరిన కొత్త కుర్రాడు లైసెన్సు తప్పించుకోవడానికి ‘పబ్లిష్ టు వెబ్’ నొక్కి లింకు తయారుచేశాడు. అలా చేస్తే పాస్‌వర్డ్ ఏమీ ఉండదు, లింకు దొరికిన ఎవరైనా చూడొచ్చు. అదృష్టం కొద్దీ ఎవరికీ పంపకముందే చూశాను. ఇది వాడేవాళ్లు ఆ ఆప్షన్‌ని అడ్మిన్ సెట్టింగ్‌లో మొదటి రోజే ఆపేయండి.

జోహో అనలిటిక్స్ కూడా చూశాం. రేణిగుంటలో వాళ్ల ఆఫీసు ఉంది కాబట్టి మనవాళ్లు అనే అభిమానం ఎటూ ఉంటుంది, బిల్లు రూపాయల్లో వస్తుంది, జీఎస్టీ తలనొప్పి లేదు. ప్లాన్లు మాత్రం మనుషుల లెక్కతో పాటు డేటా వరుసల లెక్క మీద కూడా ఉంటాయి. టికెట్లు ఎంత, వేలల్లోనే, కానీ మానిటరింగ్ డేటా 640 మెషీన్ల నుంచి నిమిషాల మీద వచ్చి పడుతుంటే వరుసలు ఇట్టే నిండిపోతాయి. టికెట్లు, డబ్బు వరకే చూడాలనుకునే సంస్థకి ఇది మంచి ఎంపిక అనే ఇప్పటికీ అంటాను.

ఇక్కడే మాకు ఒకటి తేలింది. చూసేవాళ్లు మూడు రకాలు, వాళ్లకి కావాల్సింది ఒకటి కాదు. ఇంజినీర్లకి ఈ నిమిషంలో ఏది ఆగిందో కావాలి. నాకు ఏ క్లయింట్ మీద ఎన్ని గంటలు పోతున్నాయి, వాళ్లిచ్చే డబ్బుకి అది సరిపోతోందా అన్నది కావాలి. క్లయింట్‌కి నెలకొక పేజీ చాలు, లాగిన్ కూడా అక్కర్లేదు, మా క్లయింట్లలో చాలామంది వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపండి చాలు అన్నారు. ఒకే సాఫ్ట్‌వేర్‌తో ముగ్గురినీ తృప్తిపరచాలని చూడటం వల్లే అంతకాలం తిరిగాం.

చివరికి గోడ మీద టీవీకి గ్రఫానా, నాకూ క్లయింట్ల పేజీకీ మెటాబేస్. రెండూ డాష్‌బోర్డ్ సాఫ్ట్‌వేర్లే, ఓపెన్ సోర్స్‌లో దొరుకుతాయి, మన సర్వర్ మీద మనమే పెట్టుకోవచ్చు. గ్రఫానా క్లౌడ్ ఉచిత ప్లాన్ ముందు చూశాం గానీ అందులో డేటా 14 రోజులే నిలుస్తుంది. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లు 180 రోజులు దాచాలి, కొన్ని రకాల సైబర్ సంఘటనలు తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకి చెప్పాలి, కాబట్టి డేటా ఎటూ మన దగ్గరే ఉంచుకునే ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. ఐదు చోట్ల నుంచీ రాత్రి ఒంటిగంటకి డేటా లాగి ఒక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వేస్తాం, ట్యాలీ నుంచి దాని 9000 పోర్టు ద్వారా ఇన్వాయిస్‌లు వస్తాయి. మెటాబేస్‌లో రిపోర్ట్ టైమ్ జోన్ మన టైమ్‌కి మార్చగానే 139 కాస్తా 143 అయింది. మా సీనియర్ అప్పుడు ఏమీ అనలేదు, నా నోట్‌బుక్ తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టాడు.

సర్వర్ అద్దె నెలకి మూడు వేల లోపే. అలాగని ఉచితం అనుకోకండి. మా సీనియర్ ఐదు వారాల సాయంత్రాలు దీనికే పోశాడు. అలాంటి మనిషి మీ దగ్గర లేకపోతే డబ్బులిచ్చి రెడీమేడ్‌ది కొనుక్కోవడమే మేలు.

తాళం చెవుల సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మేం చూసినవాటిలో రెండు కంపెనీలు మా మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి పూర్తి అడ్మిన్ స్థాయి ఏపీఐ కీ అడిగాయి. బొమ్మ గీయడానికి చదివే హక్కు చాలు కదా, 640 మెషీన్లలో ఏదైనా నడిపించగలిగే హక్కు ఎందుకు? 2021 జులై 2న కసేయా వీఎస్ఏ అనే రిమోట్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మీద జరిగిన దాడి ఈ రంగంలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోకూడదు. అలాంటి ఒక్క సాఫ్ట్‌వేర్ దారిలోంచి వచ్చి, మా లాంటి సంస్థల క్లయింట్లు 1,500 దాకా, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ బారిన పడ్డారు. చదివే హక్కుతో పనిచేయదు అన్నవాళ్లని అక్కడికక్కడే పక్కన పెట్టేశాం. ఇంకోటి, ఆస్పత్రి సిబ్బంది టికెట్ సబ్జెక్టులో రోగి పేరు, బెడ్ నంబరు, ఒక్కోసారి జబ్బు కూడా రాసేస్తారు. అందుకే సబ్జెక్టు లైను మా డేటాబేస్‌లోకి అసలు తీసుకోం, సమస్య రకం మాత్రమే వస్తుంది.

టికెట్ పరిష్కారానికి పట్టే టైమ్ సగటు గురించి కూడా మా ఆలోచన మారింది. ఆ ఆస్పత్రిలో ఒక స్కానర్ పార్టు రావడానికి 19 రోజులు పట్టింది, అదొక్కటే నెల సగటును చాలా పైకి లాగేసింది. టికెట్లన్నీ పట్టిన టైమ్ ప్రకారం వరుసగా నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్నది తీస్తే గంటా పది నిమిషాలు. ఇప్పుడు పేజీ మీద ఆ మధ్య అంకెతో పాటు అన్నిటికన్నా ఆలస్యమైన మూడు టికెట్లు కూడా కారణంతో సహా ఉంటాయి. నెలకీ నెలకీ పోల్చడం కూడా మానేశాం. గుజ్జు ఫ్యాక్టరీకి సీజన్ నెలల్లోనే ఏడాది పనంతా, లాడ్జిలకి బ్రహ్మోత్సవాలప్పుడు ఊపిరాడదు, వాటిని ముందు నెలతో పోలిస్తే ప్రతి ఏడాదీ ప్రళయం వచ్చినట్టే గ్రాఫు కనిపిస్తుంది. నిరుటి అదే నెలతో పోలుస్తాం. దానికోసం పాత రెండేళ్ల డేటా ఒకసారి కూర్చుని ఎక్కించాల్సి వచ్చింది.

ఇక ఆగస్టు సంగతి. టీవీ మీద బ్యాకప్‌ల గడులు మొదటిసారి పెట్టినప్పుడు అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి. మా సీనియర్‌కి అది నచ్చలేదు. తవ్వి చూస్తే ‘వార్నింగ్‌తో పూర్తయింది’ అన్నదాన్ని కూడా కన్సోల్ విజయంగానే పంపుతోంది. వార్నింగ్‌లు విడగొట్టగానే నాలుగు గడులు పసుపు రంగులోకి మారాయి, అందులో ఒకటి ఆ ఆస్పత్రి. బిల్లింగ్ డేటాబేస్ ఫైలు తెరిచి ఉండటం వల్ల బ్యాకప్ దాన్ని వదిలేసి మిగతాదంతా తీసుకుంటోంది. పదకొండు రోజులుగా. ఆ రాత్రి పదింటికి వెళ్లి చేత్తో బ్యాకప్ తీసి, వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి, బిల్లు ఒకటి తెరిచి చూసుకున్నాకే ఇంటికెళ్లాం. ఆ పదకొండు రోజుల్లో ఆ సర్వర్‌కి ఏమైనా అయి ఉంటే అనే ఆలోచనకి ఇప్పటికీ నిద్ర చెడుతుంది.

ఇది క్లయింట్‌కి చెప్పాలా, ఆ పసుపు గడిని వాళ్ల పేజీలో చూపించాలా అని ఆఫీసులో పెద్ద వాదనే జరిగింది. సరిచేసేశాం కదా, అనవసరంగా భయపెట్టడం ఎందుకన్నా అని ఇద్దరు అన్నారు. నాకు మార్చిలో ఆయన అన్న మాట గుర్తొచ్చింది. కనపడ్డంలేదు అన్న మనిషికి మంచివి మాత్రమే కనపడేలా చేస్తే అది ఆ ఎక్సెల్ రిపోర్టు కన్నా అన్యాయం. మర్నాడు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత “ఇప్పుడు సరిగ్గా ఉండాదా?” అని అడిగారు. ఉందని, రీస్టోర్ చేసి చూశామని చెప్పాను. అప్పటి నుంచి ప్రతి క్లయింట్ పేజీలో బ్యాకప్ రంగు పక్కనే ఇంకో గడి చేర్చాం, చివరిసారి రీస్టోర్ చేసి చూసిన తేదీ.

ఈ మార్చిలో మళ్లీ రెన్యూవల్‌కి వెళ్లాను. ఒకే పేజీ తీసుకెళ్లాను. ఫార్మసీ లేబుల్ ప్రింటర్ మార్చాక నెలకి పదిహేడు టికెట్లు ఒకటికి దిగిన సంగతి నేను చెప్పబోతుంటే, ఆయన వేలు నేరుగా కింది వరుసలో రీస్టోర్ తేదీ మీద పెట్టారు. “ఇది నలభై రోజుల కింద తేదీ కదా సార్, మళ్లీ ఎప్పుడు చేస్తారు?” అన్నారు. గురువారం రాత్రి అన్నాను. పెన్ను తీసి ఆ గడి పక్కన గురువారం అని రాసుకున్నారు.